నాలుగు లినక్సులు, ఒక గంట తేడా

గుడిలో అర్చన చేయించేటప్పుడు పంతులుగారు గోత్రం అడుగుతారు, పేరు అడుగుతారు, నక్షత్రం అడుగుతారు. మొదటి రెండింటికీ మా అత్తయ్యగారు టక్కున చెబుతారు. మూడోదాని దగ్గరికి వచ్చేసరికి పళ్ళెంలో పూలు సర్దుకోవడం మొదలుపెడతారు. "నక్షత్రం ఎందుకులెండి, పేరు చాలు" అంటారు. పెళ్ళైన కొత్తల్లో ఆవిడకు తెలియదేమో అనుకున్నాను. తెలియక కాదు. ఆవిడకు రెండు నక్షత్రాలు తెలుసు. ఏది తనదో తెలియదు.

ఆవిడ పుట్టింది సామర్లకోటలో, రైల్వే క్వార్టర్స్‌లో, పందొమ్మిది వందల నలభై నాలుగు ఆశ్వయుజంలో, పున్నమి దాటిన నాలుగైదు రోజులకు, ఒక సాయంత్రం. వాళ్ళ నాన్నగారు స్టేషన్‌లో పనిచేసేవారు. ఇంట్లో గోడగడియారాన్ని రోజూ స్టేషన్ గడియారంతో సరిచేసుకుంటేగానీ ఆయనకు తోచేది కాదట. బిడ్డ ఏడుపు వినబడగానే తలెత్తి గడియారం చూశారు. ఆరున్నర. ఆ ఆరున్నరనే జీవితమంతా చెప్పారు.

పురిటి గదిలో ఉన్న మనిషి మాత్రం వేరేగా చెప్పింది. ఆవిడ అత్తయ్యగారి అమ్మమ్మ. తల్లి జబ్బు మనిషి కావడంతో పిల్లను పెంచింది కూడా ఆవిడే. "ఇది పుట్టేటప్పటికి తూర్పు గోడమీద ఇంకా ఎండ ఉంది. రోహిణి వెళ్ళలేదు" అనేది. పంచాంగం ప్రకారం ఆ రోజు రోహిణి ఆరు కొట్టకముందే వెళ్ళిపోయి మృగశిర వచ్చింది. పెళ్ళి సంబంధాలు చూడడం మొదలుపెట్టినప్పుడు జాతకం రాయించారు. సిద్ధాంతిగారు ఆరున్నర అని విని మృగశిర అని రాశారు. అమ్మమ్మ అడ్డం వస్తే, "ఆశ్వయుజంలో ఆరున్నరకు గోడమీద ఎండేమిటి మామ్మగారూ, లాంతరు వెలుగు చూసుంటారు" అన్నారట. ఇల్లంతా నవ్వింది. అప్పట్నుంచి ఆ ఇంట్లో ఎవరైనా నమ్మలేని మాట చెబితే "అమ్మమ్మగారి ఎండ" అనడం అలవాటైంది. అరవై ఏళ్ళ తర్వాత, ఢిల్లీ పక్కన గురుగ్రామ్‌లో పదకొండో అంతస్తులో ఉన్న మా ఇంట్లో కూడా మావారు ఆ మాట వాడతారు.

ఈ ఏడు అత్తయ్యగారికి వెయ్యి పున్నములు చూసినవాళ్ళకు చేసే శాంతి చేయించాలనుకున్నాం. అది జన్మనక్షత్రం రోజున చెయ్యాలి. ఆ నెలలో రోహిణి శుక్రవారం, మృగశిర శనివారం పడ్డాయి. మావారికి శనివారం సెలవు కాబట్టి ఆయన దృష్టిలో ఇందులో ఆలోచించాల్సిందేమీ లేదు. అత్తయ్యగారు మాత్రం నన్ను వంటగదిలోకి వచ్చి పట్టుకున్నారు.

"అమ్మాయ్, నువ్వు లెక్కలు కడతావుగా. ఇంకోసారి చూడవే."

"చూశానండీ అత్తయ్యగారూ, అప్పుడెప్పుడో. మృగశిరే వచ్చింది."

"మళ్ళీ చూడు. ఏదైనా సరే, ఈసారి సంకల్పంలో నోరారా చెప్పుకోవాలి. ఎనభై ఏళ్ళొచ్చాక కూడా నసిగితే బాగోదు."

చూస్తానని మాటిచ్చాను.

నేను లెక్కలు ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. ఇంటర్‌తో చదువు ఆగిపోయింది. పెళ్ళై ఢిల్లీ వచ్చిన మొదటి శీతకాలం విజయవాడలో అచ్చైన పంచాంగం ముందు పెట్టుకుని కూర్చున్నాను. దాని ప్రకారం సూర్యుడు వచ్చి అరగంట దాటింది. కిటికీ బయట చూస్తే ఇంకా మసక చీకటే. పంచాంగం అబద్ధమాడదు, కిటికీ కూడా అబద్ధమాడదు. రెండూ నిజమైతే నాకు తెలియనిదేదో మధ్యలో ఉండాలి. సూర్యోదయం ఊరికొకటి ఉంటుందని అలా తెలిసింది. దర్యాగంజ్ ఆదివారం పుస్తకాల బజారులో పాత ఖగోళ పుస్తకాలు కొని, అక్షాంశ రేఖాంశాలు నేర్చుకుని, మొదట కాగితం మీద, తర్వాత కంప్యూటర్‌లో ఢిల్లీకి సరిపడే లెక్క కట్టుకున్నాను. ఇప్పుడు మా సొసైటీలో తెలుగు ఇళ్ళన్నింటికీ నేను పంచాంగం ఆంటీని. "ఆంటీ, ఏకాదశి ఇవాళా రేపా?" అని లిఫ్ట్‌లో అడుగుతారు.

ఆ లెక్కలన్నీ ఉన్న ల్యాప్‌టాప్ ఎనిమిదేళ్ళది. అందులో ఉన్న సిస్టమ్‌కు ఇకపై కొత్త మరమ్మతులు రావని, వేరే యంత్రం చూసుకోమని తెరమీద హెచ్చరిక రావడం మొదలైంది. మీటలు బాగున్నాయి, తెర బాగుంది, బ్యాటరీ కూడా పర్వాలేదు. ఒంట్లో ఏ జబ్బూ లేని మనిషికి పదవీ విరమణ చెప్పినట్టు అనిపించింది.

"మమ్మా, లినక్స్ డాల్ దో" అంది మా అమ్మాయి, పాతదాని బదులు అది ఎక్కించెయ్యమని. కాలేజీలో రెండో ఏడు. తెలుగు పూర్తిగా అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలో వస్తుంది.

"ఏ లినక్స్?"

"కోయీ భీ. సబ్ సేమ్ హై."

ఏదో ఒకటి, అన్నీ ఒకటే అనే మాట నాకు ఒంటికి పడదు. కూర్చుని చదివాను. లినక్స్ అంటే నిజానికి కంప్యూటర్‌ను నడిపే సిస్టమ్ లోపల ఉండే గుండెకాయ ఒక్కటే. దాని చుట్టూ తెరలు, అక్షరాలు, ఫైళ్ళు తెరిచే పనిముట్లు పేర్చి, వాడుకోవడానికి సిద్ధం చేసి, ఒక్కో బృందం ఒక్కో పేరుతో ఇస్తుంది. వాటిని డిస్ట్రిబ్యూషన్లంటారు. అవి వందల్లో ఉన్నాయి. ఎవరూ పైసా అడగరు. చదువుతుంటే నాకు పంచాంగాలు గుర్తొచ్చాయి. ఆకాశం ఒక్కటే, సూర్యచంద్రులు ఒక్కరే. దాన్ని రాజమండ్రిలో ఒకరు, హైదరాబాద్‌లో ఒకరు, తిరుపతిలో ఒకరు తమ తమ పద్ధతిలో పేర్చి, తమ అట్ట వేసి ఇస్తారు. మా పంచాంగమే సరైనదని వాదించుకుంటారు కూడా. లినక్స్ వాళ్ళ వాదనలు చదివాక, మన సిద్ధాంతులు చాలా మర్యాదస్తులనిపించారు.

వందల్లోంచి నాలుగింటికి వచ్చాను. వాటి అసలు పేర్లు నోరు తిరగక ఇంటి పేర్లు పెట్టుకున్నాను. ఒకటి చాలా పాతది, నిదానంగా మారేది. దానికి తాతగారని పేరు. దాని మీద ఆధారపడి పుట్టింది కూతురు. ఆ కూతురి మీద ఆధారపడి పుట్టింది మనవరాలు. నాలుగోదానికి ఈ కుటుంబంతో సంబంధం లేదు. దాని అసలు పేరు ఒక రకం టోపీది, కాబట్టి అది టోపీ.

ఒక తెల్లకాగితం మీద గళ్ళు గీసి పరీక్షాంశాలు రాశాను. వైఫై కలవాలి, ప్రింటర్ పలకాలి, తెరమీద నాలుగు కిటికీలు తెరిచినా మెషీన్ ఆయాసపడకూడదు. తెలుగు సరిగ్గా కనబడాలి. ఇందుకు నా దగ్గర మూడు మాటలున్నాయి: జ్యేష్ఠ, కృత్తిక, ఆర్ద్ర. ఈ మూడింటికీ ఒత్తులు సక్రమంగా పడితే మిగతా తెలుగంతా పడుతుందని నా నమ్మకం. చివరి పరీక్ష లెక్క. మా ఇంట్లోవాళ్ళవీ దగ్గరివాళ్ళవీ కలిపి ఏడు జాతకాలు. వాటి జవాబులు నా పాత లెక్కలో ఉన్నాయి. కొత్త సిస్టమ్‌లో కొత్తగా రాసిన చిన్న ప్రోగ్రామ్ అవే జవాబులు చెప్పాలి.

మావారు ఆఫీసు క్యాబ్ కోసం షూ వేసుకుంటూ కాగితం చూశారు. "మా కంపెనీలో టెండర్‌కి కూడా ఇంత పరీక్ష పెట్టరు మేడం."

"అందుకే మీ సర్వర్లు ప్రతి సోమవారం పడిపోతాయి."

"అమ్మా, విన్నావా కోడలి మాట?"

"విన్నాన్రా. నిజమే చెప్పింది" అన్నారు అత్తయ్యగారు టీవీ మీంచి చూపు తిప్పకుండా.

మొదట మనవరాలితో మొదలుపెట్టాను. దాన్ని నెట్‌లోంచి దించుకున్న పెన్‌డ్రైవ్ గుచ్చి ల్యాప్‌టాప్ ఆన్ చేస్తే, లోపలున్న పాత సిస్టమ్‌ను తాకకుండానే, గోరంత పెన్‌డ్రైవ్‌లోంచి ఒక కొత్త కంప్యూటర్ లేచి కూర్చుంది. తెరమీద కొండలు, కింద గడియారం. వైఫై అడిగింది, ప్రింటర్‌ను తనే గుర్తుపట్టి పేరు చెప్పింది. జ్యేష్ఠ అని కొట్టాను. ష కింద ఠ ఒత్తు బుద్ధిగా వచ్చి కూర్చుంది. పెన్‌డ్రైవ్ తీసేస్తే ఏమీ జరగనట్టు పాత ఇల్లు పాతగానే ఉంది. డైనింగ్ టేబుల్ దగ్గర ఒక్కదాన్నే కూర్చుని చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను. ఎవరో, ఎక్కడో, నన్నెప్పుడూ చూడనివాళ్ళు, నా తెలుగు ఒత్తు ఎక్కడ పడాలో ఆలోచించి పెట్టారు.

ఇక లెక్క. పాత పద్ధతిలో పుట్టిన టైములోంచి ఐదున్నర గంటలు నేనే తీసేసేదాన్ని. మన గడియారాన్ని ప్రపంచ గడియారానికి మార్చడానికి అదే సూత్రం. కొత్త ప్రోగ్రామ్‌లో ఆ పని మెషీన్‌కే అప్పజెప్పాను. ఊరు పేరు చెబితే చాలు, అదే మార్చుకుంటుంది. తీరా చూస్తే దాని జాబితాలో ఢిల్లీ లేదు. మన దేశానికంతటికీ కలకత్తా ఒక్కటే ఉంది. కలకత్తాకూ ఢిల్లీకీ పదకొండు డిగ్రీల తేడా, డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున ముప్పావుగంట. మావారికి ఫోన్ చేశాను.

"కలకత్తా అంటే కలకత్తా కాదే బాబూ. దేశమంతా ఒకటే టైము. ఏదో ఒక పెద్ద ఊరు పేరు పెట్టారంతే. మీటింగ్‌లో ఉన్నా, ఉంటా."

సరేనని కలకత్తా అనే రాసి ప్రోగ్రామ్ నడిపాను. నాది సరిపోయింది. మావారిది, అమ్మాయిది సరిపోయాయి. వరసగా ఆరూ నిమిషం తేడా లేకుండా సరిపోయాయి. ఏడోది అత్తయ్యగారిది. చంద్రుడు ఉండాల్సిన చోటుకు సుమారు అర డిగ్రీ వెనక ఉన్నాడు. అంటే గంట ప్రయాణమంత వెనక. పక్కన నక్షత్రం గడిలో రోహిణి అని ఉంది.

ఆ గడిని రెండుసార్లు చదివాను. వెంటనే నన్ను నేను అదిలించుకున్నాను. లెక్కలో మనకు కావలసిన జవాబు వచ్చినప్పుడే ఎక్కువ అనుమానించాలి. ఆరు జాతకాలకు ఒకలా, ఏడోదానికి ఒకలా కట్టే మెషీన్‌ను ఎవరు నమ్ముతారు? పాతకాలపు తేదీలను ఈ డిస్ట్రిబ్యూషన్ తప్పుగా చదువుతోందని తీర్మానించి, మనవరాలి గడిలో ఎర్రసిరాతో అడ్డగీత గీశాను. అత్తయ్యగారికి చెప్పలేదు. తప్పుడు లెక్కతో ఆవిడకు ఆశ పెట్టడం ఇష్టం లేకపోయింది.

మర్నాడు కూతురు. ఆరు సరి, ఏడోది గంట వెనక. అడ్డగీత.

ఆ మర్నాడు తాతగారు. ఇంత నిదానస్థుడు, ఇంత పేరున్నవాడు తప్పు చెయ్యడనుకున్నాను. ఆరు సరి, ఏడోది గంట వెనక. మరో అడ్డగీత. ముగ్గురిదీ ఒకే కుటుంబం. తప్పు తాతగారి దగ్గర మొదలై కిందికి దిగిందని కూడా కాగితం మీద రాసుకున్నాను. ఎంత తెలివిగా కనిపెట్టానో అనుకుంటూ.

ఆ ఆదివారం ఢిల్లీ అశోకా రోడ్‌లో ఆంధ్రా భోజనానికి వెళ్ళాం. కూపన్లు పట్టుకుని వరసలో నిలబడి, లోపల బల్ల దొరికాక, మావారు పప్పులో నెయ్యి కలుపుకుంటూ అడిగారు.

"స్వయంవరం ఎంతవరకు వచ్చింది?"

"ముగ్గురు ఫెయిల్. ఒక్కడు మిగిలాడు."

"మమ్మా, ఆప్ సీరియస్‌లీ సబ్‌కో ఫెయిల్ కర్ రహే హో?" అంది అమ్మాయి.

"ఏంటమ్మా అంత తప్పు చేశాయి?" అన్నారు అత్తయ్యగారు.

"అన్నీ బాగానే కడతాయండీ. మీ జాతకం దగ్గరే తేడా. మీదొక్కటే గంట వెనక్కి లాగుతున్నాయి."

గోంగూర అన్నం ముద్ద ఆవిడ చేతిలో అలాగే ఆగింది.

"గంట వెనక్కంటే ఐదున్నర."

"అవును."

"ఐదున్నరకి ఎండ ఉంటది కదే."

మావారు నవ్వేశారు. "అయిపోయింది! అమ్మమ్మగారి ఎండ కంప్యూటర్‌లోకి కూడా వచ్చేసింది."

"అది మెషీన్ తప్పండీ అత్తయ్యగారూ" అన్నాను నేను. "మూడూ ఒకే ఇంటివి కాబట్టి ఒకే తప్పు చేస్తున్నాయి."

"అచ్ఛా" అన్నారు ఆవిడ. ఆ ముద్ద తినడానికి చాలాసేపు పట్టింది. వడ్డించే భయ్యా వచ్చి "అమ్మా, సాంబార్?" అంటే కూడా వినిపించుకోలేదు.

సోమవారం పొద్దున టోపీ. నిజం చెప్పాలంటే దాని మీద నాకు గట్టి నమ్మకం ఉంది. వేరే కుటుంబం, వేరే పద్ధతి. దీనిలో ఏడూ సరిపోతే వేరే పరీక్ష లేకుండా దీన్నే ఎక్కించేద్దామనుకున్నాను. తెర వెలిగింది, వైఫై కలిసింది, ఒత్తులు పడ్డాయి. ప్రోగ్రామ్ నడిపాను.

ఆరు సరి. ఏడోది గంట వెనక. రోహిణి.

ఎర్ర పెన్ను తీశానుగానీ గీత గియ్యలేకపోయాను. ఒకే ఇంటివాళ్ళు ముగ్గురు ఒకే తప్పు చెబితే అది ఇంటి అలవాటు అనుకోవచ్చు. ఏ సంబంధమూ లేని నాలుగోవాడు వచ్చి అదే చెబితే, అడగాల్సిన ప్రశ్న నాకే. అప్పుడు ఆ తేడాను మొదటిసారి తేడాగా కాక అంకెగా చూశాను. గంట. అరవై నిమిషాలు, ఒక్క నిమిషం ఎక్కువ కాదు, తక్కువ కాదు. ఆకాశపు లెక్కల్లో ఏదీ అలా తెగ్గోసినట్టు ఉండదు. సూర్యుడు, చంద్రుడు, రేఖాంశం, ఏది చూసినా వెనక నిమిషాలూ సెకన్లూ తోకల్లా వేలాడుతుంటాయి. సరిగ్గా గంట అంటే అది మనుషులు పెట్టింది. ఎవరో, ఎక్కడో, ఒక రోజు, గడియారాలు గంట ముందుకు జరపండి అని ఆజ్ఞ ఇచ్చి ఉండాలి.

వెతికాను. లినక్స్‌లో ఊరి పేరు ఇస్తే, ఆ ఊరి గడియారం చరిత్రంతా చెప్పే చిన్న ఆజ్ఞ ఒకటి ఉందట. తెరమీది నల్లటి కిటికీలో అది కొట్టి, కలకత్తా అని రాసి మీట నొక్కాను.

వరసలు పైకి పాకాయి. అన్నింటికన్నా పైన పందొమ్మిదో శతాబ్దపు తేదీలు. ప్రపంచ గడియారానికి తేడా ఐదు గంటల యాభై మూడు నిమిషాల ఇరవై ఎనిమిది సెకన్లు. ఆ అంకె చూడగానే నా చెయ్యి దానంతటదే కాగితం మీదికి పోయింది. కలకత్తా రేఖాంశం ఎనభై ఎనిమిది డిగ్రీల ఇరవై రెండు నిమిషాలు. నాలుగుతో గుణించాను. సరిగ్గా అదే. అంటే రైళ్ళు దేశమంతా ఒక టైము పట్టుకోకముందు, కలకత్తా తన నడినెత్తి సూర్యుణ్ణి చూసి దిద్దుకున్న గడియారం. దాని కింద ఐదు గంటల ఇరవై ఒక్క నిమిషాల పది సెకన్లు. ఇది నాకు దర్యాగంజ్ పుస్తకాల్లోంచి తెలుసు. మద్రాసు టైము. తర్వాత పందొమ్మిది వందల ఆరు, ఐదున్నర గంటలు. మనందరి టైము. అక్కడితో అయిపోతుందనుకున్నాను.

అయిపోలేదు. పందొమ్మిది వందల నలభై ఒకటి అక్టోబరు దగ్గర ఆ ఐదున్నర ఆరున్నరైంది. యుద్ధం. మధ్యలో కొన్ని నెలలు వెనక్కి తెచ్చి, నలభై రెండు సెప్టెంబరులో మళ్ళీ ముందుకు జరిపారు. నలభై ఐదు అక్టోబరు మధ్యదాకా దేశంలో గడియారాలన్నీ గంట ముందు నడిచాయి. ఆ తర్వాత ఈ రోజుదాకా ఒక్క మార్పూ లేదు.

సామర్లకోట స్టేషన్ గడియారం కూడా ఆ ఆజ్ఞను పాటించి ఉంటుంది. రోజూ దానితో సరిచేసుకునే మనిషి ఇంటి గోడగడియారమూ పాటించి ఉంటుంది. ఆయన చూసిన ఆరున్నర నిజమే. సూర్యుడికి మాత్రం అప్పుడు ఐదున్నర.

పెన్ను మూత పెట్టడం కూడా మరిచిపోయి కూర్చున్నాను. బాల్కనీ కింద స్కూలు వ్యాన్లు వెళ్తున్నాయి. కూరలవాడు ఎవరితోనో బేరమాడుతున్నాడు. నా పాత లెక్కకు తెలియదు, జాతకం రాసిన సిద్ధాంతిగారికి తట్టలేదు, ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. ఈ గోరంత పెన్‌డ్రైవ్‌కు గుర్తుంది. ఇందులో మన దేశం ఒక్కటే కాదు. కుతూహలం కొద్దీ వేరే ఊళ్ళ పేర్లు కొట్టి చూశాను. ఎన్నడూ వినని దీవుల్లో, ఎప్పుడో ఎవరో గడియారం పదిహేను నిమిషాలు జరిపిన సంగతి కూడా ఉంది. దీన్ని ఎవరెవరో పాత ఉత్తర్వులూ పత్రికలూ తిరగేసి, ఒకరి తప్పు ఒకరు దిద్దుకుంటూ, ఏళ్ళ తరబడి చేర్చారట. ఎందుకు? సామర్లకోట పిల్ల కోసం కాదు. ఏదో ఒక రోజు ఎవరికో ఒకరికి కావాల్సి రావచ్చని. తమలో తాము అంతలేసి వాదించుకునే ఆ నాలుగు బృందాలూ ఈ చిన్న మూటను మాత్రం విప్పకుండా, మార్చకుండా, అందరూ ఒకేలా మోసుకు తిరుగుతున్నాయి. సబ్ సేమ్ హై, అన్నీ ఒకటేనని మా అమ్మాయి అన్నది నాకప్పుడు గుర్తొచ్చింది. నేను వారం రోజులు పోల్చిందంతా పైనున్న అట్టలనే.

ఇంకొక్క లెక్క మిగిలింది. ఆ రోజున సామర్లకోటలో సూర్యాస్తమయం ఎప్పుడో కట్టాను. ఐదు నలభై దాటాక, నలభై ఐదు లోపల. ఐదున్నరకు సూర్యుడు పడమట చివరి పావుగంటలో ఉన్నాడు. వెలుగు అడ్డంగా వచ్చి తూర్పు గోడమీద పడుతుంది. ఇంకెక్కడా పడదు.

అత్తయ్యగారు బాల్కనీలో తులసికుండీ దగ్గర ఎండు ఆకులు ఏరుతున్నారు. ఎలా మొదలుపెట్టాలో తెలియక, "అత్తయ్యగారూ, ఆ రోజుల్లో యుద్ధమని గడియారాలు గంట ముందుకు పెట్టారట" అన్నాను.

ఆవిడ తల తిప్పలేదు. "ఎవరు చెప్పారు?"

"నాలుగు లినక్సులూ చెప్పాయి. నేను నమ్మలేదు. తప్పు వాటిది కాదు."

"అయితే?"

"మీరు పుట్టింది ఐదున్నరకి. రోహిణి ఇంకో ఇరవై నిమిషాలుంది. ఎండ కూడా ఉంది. తూర్పు గోడమీదే."

ఆవిడ చేతిలో ఆకులు కుండీలోనే వదిలేశారు. కొంగుతో చేతులు తుడుచుకున్నారు, తర్వాత కళ్ళు, తర్వాత మళ్ళీ చేతులు.

"లాంతరన్నాడు" అన్నారు చివరికి. "మా అమ్మమ్మని. అందరి ముందూ."

వెంటనే, "ఏదీ, ఎక్కడుంది, చూపించు" అని లోపలికి నడిచారు. ఆ ఇంగ్లీషు వరసల ముందు కూర్చుని, కళ్ళజోడు సర్దుకుని, నలభై నాలుగుకు అటూ ఇటూ ఉన్న రెండు వరసల మీద వేలు పెట్టమన్నారు. పెట్టాను. ఆ వేలు తియ్యనివ్వకుండా చాలాసేపు చూశారు.

పంతులుగారికి ఫోన్ చేసి చెబితే, "అవునమ్మా, యుద్ధకాలపు గంట తీసెయ్యాలని మా తాతగారు అనేవారు. మాకు ఆనాటి జాతకాలు రావడం మానేశాక మేమూ మరిచాం. శుక్రవారమే పెట్టుకోండి" అన్నారు. సాయంత్రం మావారికి చెప్పాను. ఆయన కాగితం రెండుసార్లు చూసి, ఏ హాస్యమూ ఆడకుండా, ఫోన్ తీసి ఆఫీసుకు శుక్రవారం సెలవు పెట్టారు.

డిస్ట్రిబ్యూషన్ ఎంపిక ఇంకా మిగిలే ఉంది. నాలుగు గళ్ళలో గీసిన, గియ్యబోయిన అడ్డగీతలన్నీ రద్దుచేసి ఒక్కో పరీక్షకూ వేసిన మార్కులు మళ్ళీ కలిపాను. నాలుగూ నాలుగైదు మార్కుల తేడాలోనే ఉన్నాయి. ఆ మాత్రం తేడా నా పెన్ను ఒత్తిడికి కూడా రావచ్చు. అందుకని రోజుకొకటి చొప్పున నాలుగింటిలోనూ నా పంచాంగం పేజీ తెరిచి అత్తయ్యగారిని చదవమన్నాను. ఒకదాంట్లో అక్షరాలు సన్నగా ఉన్నాయన్నారు. ఒకదాంట్లో పెద్దవి చెయ్యడమెలాగో ఆవిడకు తెలియలేదు. మనవరాలని నేను పేరు పెట్టిన లినక్స్ దగ్గర మాత్రం కళ్ళు చికిలించకుండా వారం మొత్తం గడగడా చదివేశారు.

"ఇది ఉంచు. దీంతో నాకు పేచీ లేదు."

"ఫస్ట్ డే హీ బోలా థా, కోయీ భీ చలేగా" అంది అమ్మాయి.

"ఏదైనా ఒకటేనని నువ్వు మొదటిరోజే చెప్పావు. మీ నానమ్మ ఎంచింది. రెండూ ఒకటి కాదు" అన్నాను.

శుక్రవారం ఉదయం సొసైటీ హాల్లో శాంతి. తెలుగు ఇళ్ళవాళ్ళు, పక్క టవర్ పంజాబీ ఆంటీలు, అందరూ వచ్చారు. పంతులుగారు సంకల్పం మొదలుపెట్టి, దేశకాలాలన్నీ చెప్పి, గోత్రం దగ్గరికి వచ్చారు. అత్తయ్యగారు చెప్పారు. పేరు చెప్పారు. ఆయనకు ముందే తెలుసు కాబట్టి నక్షత్రం తనే అనబోయారు.

"ఉండండి పంతులుగారూ, నన్ను అడగండి" అన్నారు అత్తయ్యగారు.

ఆయన నవ్వి, "నక్షత్రం ఏమిటమ్మా?" అన్నారు.

ఆవిడ పూల పళ్ళెం పక్కన పెట్టారు. హాలు కిటికీలోంచి వచ్చిన ఎండ ఎదురుగోడ మీద పడుతోంది. ఒకసారి అటు చూసి, వెనక వరసలో కుర్చీలు సర్దుతున్నవాళ్ళకు కూడా వినబడేలా చెప్పారు.

"రోహిణి. మా అమ్మమ్మ చెప్పింది."